అట్టపెట్టె ధర

గంజి చల్లారేలోపు రత్నరాజు కిందికి దిగి కారు అద్దాల మీద మంచు గీకి వచ్చాడు. చలికాలమంతా రోజూ ఇదే వరస. గిన్నె స్టవ్ మీంచి దించి మూత వారగా పెట్టడం, కోటు తొడుక్కుని మెట్లు దిగడం, ప్లాస్టిక్ బద్దతో ముందు అద్దం, వెనక అద్దం గీకడం, ఇంజన్ స్టార్ట్ చేసి వదిలేసి మళ్ళీ పైకి రావడం. ఈలోపు కారు వేడెక్కుతుంది, గంజి రూతు నోటికి పట్టేంత చల్లారుతుంది. ఒకటి వేడెక్కాలి, ఒకటి చల్లారాలి. రెండిటికీ ఒకే సమయం పడుతుందని కనిపెట్టడమే ఆ ఏడాది అతను సాధించిన ఘనకార్యం.

రూతు మూడు తలగడల మీద వాలి కూర్చుంది. మొహంలో బుగ్గలు పోయి కళ్ళు మాత్రం మిగిలాయి. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన రోజుల్లో భారీ మనుషుల్ని ఒంటిచేత్తో పక్కకి తిప్పి దుప్పటి మార్చిన భుజాలు ఇప్పుడు నైటీలోంచి హ్యాంగర్ మొనల్లా పొడుచుకొచ్చాయి. కడుపులో గడ్డ ఒకసారి కోసి తీశారు. అది మళ్ళీ వచ్చింది. ఇంక కొయ్యడానికి వీల్లేదని చెప్పడానికి డాక్టరు నీళ్ళు నముల్తుంటే, "నాకు తెలుసు, మీరు చెప్పనక్కర్లేదు" అని ఆమే ఆయన్ని ఊరడించింది.

"ఇంకో రెండు స్పూన్లు తాగు, రూతూ."

"చాలండి. లోపలికి పోట్లేదు."

స్పూను అందుకోబోయిన ఆమె వేళ్ళు చూసి రత్నరాజు ఆగాడు. వేళ్ళ కొనలు, గోళ్ళ సందులు నల్లగా ఉన్నాయి. జబ్బు రక్తంలోకి దిగితే వేళ్ళు ఇలా మాడిపోతాయని ఎక్కడో విన్నాడు. అడగబోయాడు. ఆమె గబుక్కున చేతులు దుప్పట్లోకి లాక్కుంది. నిన్న సాయంత్రం అతను పని నుంచి వచ్చేసరికే, దీపాలు పెట్టకముందే, నిద్రపోయి ఉంది. ఎన్నడూ అలా పడుకోదు. అదీ ఇదీ కలుపుకుని అతని గుండెలో రాయి పడింది.

"ఆ పళ్ళడాక్టరుగారు ఇవాళేగా దుకాణానికి వచ్చేది?" అంది రూతు.

"ఇవాళే. లంచ్ టైముకి వస్తానన్నాడంట. స్టాన్ ఫోన్ చేసి కన్ఫర్మ్ చేశాడు."

"పెట్టె ఆయన ఎదురుగానే విప్పండి. ముందు మీరు చూడబాకండి."

"ఏం? అందులో పిల్లి పిల్లల్ని పెట్టిందా?"

"అలాగనుకోండి." ఆమె చాలా రోజులకి నవ్వింది. "ప్రార్థన చేసి తీసుకెళ్ళండి."

వంటగదిలో బీరువా పైన, బియ్యం డబ్బా వెనక ఉన్న పెట్టె తెచ్చి మంచం మీద పెట్టాడు. చెప్పుల పెట్టెలో సగం ఉంటుంది. ముదురు నీలం అట్ట, మూలల్లో వెలిసి తెల్లబడింది. చుట్టూ పురికొస కట్టి ఉంది. రెండు క్రిస్మస్‌ల కిందట దీన్ని ఇంటికి తెచ్చినప్పుడు రూతు మూడు రోజులు మాట్లాడలేదు. బైబిలు ఉన్న గదిలో తుపాకి ఉండటానికి వీల్లేదంది. ఇవాళ తనే చెయ్యి చాచి ఆ అట్టమీద పెట్టి కళ్ళు మూసుకుంది. తుపాకి అమ్ముడుపోవాలని ప్రభువుని వేడుకున్న ఇల్లు మిషిగన్ మొత్తంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

ఆమె కోరిక ఒక్కటే. నర్సాపురంలో మిషన్ సమాధుల తోట ఉంది. అందులో గోడవారగా వాళ్ళ తొలిబిడ్డ ఉంది. పేరు పెట్టిన వారానికే జ్వరమొచ్చి పోయిన పిల్ల. తర్వాత పిల్లలు కలగలేదు. ఆ పిల్ల పక్కన తనని పెట్టాలి, మొదటి పిడికెడు మన్ను మీ చేత్తోనే పడాలి అని రూతు అడిగింది. ఈ మంచులో, ఎవరో తవ్విన గోతిలో వద్దంది. రత్నరాజు మాటిచ్చాడు. ఇద్దరం కలిసి వెళ్దాం, చివరిదాకా నీ పక్కనే ఉంటాను అని చెప్పాడు. ఇవ్వడానికి అతని దగ్గర మాట తప్ప ఏం లేదు. ఉన్నదంతా ఆస్పత్రులు మింగేశాయి. తెలుగు చర్చివాళ్ళు రెండుసార్లు చందా ఎత్తి ఇచ్చారు, అదీ అయిపోయింది.

చర్చిలో సుందర్ రాజ్ కుటుంబం గురువారం మద్రాసు వెళ్తున్నారు. దారిలో రూతుని కనిపెట్టుకుని ఉంటామన్నారు. మద్రాసులో రూతు చెల్లెలు లూసీ కారు తీసుకుని వస్తుంది. ప్రయాణం చేయగలిగితే ఇప్పుడే చేయాలి, నెలాఖరుకి కుదరదు అని డాక్టరు చెప్పాడు. టికెట్ల డబ్బు ఈ సాయంత్రంలోగా కట్టాలి. దాచిన కాస్తకి ఈ పెట్టెలోది తోడైతే రెండు టికెట్లు వస్తాయి. రత్నరాజు పెట్టెని కోటు లోపల గుండెకి ఆనించి పెట్టుకుని, మెట్లమీద జారకుండా పసిబిడ్డని దింపినట్టు కిందికి దింపాడు.

*

రత్నరాజు పనిచేసే స్టాన్ దుకాణం నోవై ఊరు దాటి పడమటికి పోయాక, ఇళ్ళు పలచబడి చిత్తడి నేలలు మొదలయ్యేచోట ఉంది. ముందు గదిలో ఎరచేపల తొట్టి, గాలాలు, గోడమీద జింక తలలు. మధ్యలో అద్దాల బల్ల. వెనక గదిలో కిటికీ పక్కన రత్నరాజు పని పీట. నర్సాపురం రైస్ మిల్లులో ఫిట్టరుగా చేసిన మనిషి, భార్య నర్సు వీసా వెనకాల ఇక్కడికి వచ్చాడు. పెళ్ళాం కొంగు పట్టుకుని అమెరికా వచ్చావని చర్చిలో మగవాళ్ళు ఆటపట్టిస్తే తనూ నవ్వేవాడు. కారు బంపర్లకి మెరుగుపూత వేసే ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి నిలబడి పనిచేశాడు. ఎనభై ఒకటిలో అది మూతపడింది. ఆ తర్వాత ఎక్కడా పని దొరక్క ఎరచేపల తొట్టి కడగడానికి ఇక్కడ కుదిరి, మెల్లగా పాత తుపాకులు శుభ్రం చేసే పీట మీదికి వచ్చాడు.

యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకి వంగిపోయింది. నడినెత్తిన జుట్టు పోయి, ఆ లోటు కనుబొమ్మల్లో తీరింది. నూనె ఇంకిన వేళ్ళు ఎంత తోమినా తెల్లబడవు. అందుకే చర్చి బయట అందరూ వందనాలంటూ చేతులు కలిపేటప్పుడు అతను రెండు చేతులూ జోడించి తప్పించుకుంటాడు. అదేదో భక్తి అనుకుంటారు.

అతని పీట మీదికి ఎక్కువగా వచ్చేవి చిన్న రివాల్వర్లు. ట్వంటీ టూ అంటారు వాటిని. తూటా చిటికెనవేలి గోరంత ఉంటుంది. మందు దాని వెనక అంచులో ఉంటుంది, సుత్తి ఆ అంచుమీద కొడితే పేలుతుంది. మనుషుల మీదికి వెళ్ళే తుపాకులు కావివి. గాలాలవాళ్ళు చేపల డబ్బాలో పడేసుకుంటారు, గట్టుమీద పాము కనిపిస్తే పనికొస్తుందని. చిత్తడిలో బోనులు పెట్టేవాళ్ళు, చిక్కిన జంతువు బాధపడకుండా ఒక్క తూటాతో ముగించడానికి నడుముకి కట్టుకుంటారు. పిల్లల్ని క్యాంపులకి తీసుకెళ్ళే తండ్రులు ఖాళీ డబ్బాలు కొట్టడం నేర్పిస్తారు. వానలో తడుస్తాయి, బురదలో పడతాయి. పిడి గీతలు పడి, గొట్టం తుప్పెక్కి రత్నరాజు దగ్గరికి వస్తాయి. వాటిని నూనెగుడ్డతో తుడిచి, గొట్టంలోకి సన్న కుంచె దూర్చి, మళ్ళీ అడవికి పంపుతాడు.

వీటిలోనే ఇంకో జాతి ఉంది. అవి అడవి మొహం చూడవు. ఎవరో కొని, పెట్టెలో పెట్టి, పైన మైనం కాగితం చుట్టి మరిచిపోతారు. ముప్ఫై నలభై ఏళ్ళకి అవి బయటపడితే, సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుని కొంటారు. పేలని తుపాకికి పేలినదాని కంటే పదింతలు ధర. బీరువాలో మడత విప్పని పట్టుచీరకి ఉండే గౌరవం కట్టి చింపుకున్న చీరకి ఎక్కడుంటుంది? పని చేసినవాడికి తుప్పు, కూర్చున్నవాడికి కిరీటం అని మొదట్లో రత్నరాజుకి చిరాకేసేది. తర్వాత అలవాటైంది. లోకంలో ఇదొక్కటేనా ఇలా ఉన్నది?

పీట మీదికి వచ్చిన మొదటి వారమే ఈ సంగతి అతనికి చేతులారా తెలిసొచ్చింది. ఎవరో తెచ్చిన పాత రివాల్వర్ నల్లగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తే, ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ మెరుగుచక్రానికి పట్టి అద్దంలా తళతళలాడించాడు. మెచ్చుకుంటాడని స్టాన్‌కి చూపించాడు. స్టాన్ దాన్ని చేతిలోకి తీసుకుని, కుంటికాలు ఈడ్చుకుంటూ పోయి స్టూలు మీద కూలబడ్డాడు. "రాజ్, ఫ్యాక్టరీలో వేసిన నీలి పూత ఒకసారి పోతే దేవుడు దిగొచ్చినా తిరిగి రాదు. మచ్చలున్నా సరే, పాతదానికి పాతదనమే ధర" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి పాతవాటిని నూనెగుడ్డతో తప్ప రత్నరాజు ముట్టుకోలేదు. ఈ ముచ్చట రూతుకి మాత్రం చెప్పలేదు. తుపాకుల మాట ఇంట్లో ఎత్తితే ఆమెకి పడదు. కోటుతో పాటు ఆ మాటల్ని కూడా గుమ్మం దగ్గరే తగిలించి లోపలికి వెళ్ళడం అతనికి అలవాటు.

పెట్టెలోని రివాల్వర్ స్టాన్ ఇచ్చిందే. ఎవరో ముసలావిడ భర్త పోయాక అతని సామాను మొత్తం తెచ్చి అమ్ముకుంది. ఆ సామానులో ఇది దొరికింది. క్రిస్మస్‌కి బోనస్ ఇవ్వలేక స్టాన్ దీన్ని చేతిలో పెట్టాడు. అలాంటివి కొద్దిపాటిగానే చేసి ఆపేశారని, అందులోనూ ఒక్కసారీ పేలకుండా, నీలిరంగు చెక్కుచెదరకుండా, పెట్టెతో సహా దొరకడం అరుదని ఆ తర్వాతే తెలిసింది. ఇచ్చిందాన్ని వెనక్కి అడగడం స్టాన్‌కి రాదు. పైగా లాన్సింగ్‌లో ఉన్న పళ్ళడాక్టరు హాల్‌బర్గ్ ఇలాంటి చిన్న రివాల్వర్లే సేకరిస్తాడని తెలిసి, రూతు సంగతి చెప్పి, తనే పిలిపించాడు.

*

హాల్‌బర్గ్ చెప్పిన వేళకే వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఆస్పత్రి వాసన వేసే మనిషి. కోటు మడిచి కుర్చీకి వేశాడు. అద్దాల బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి, తెల్లని నూలు తొడుగులు చేతులకి వేసుకున్నాడు. పెట్టెని ముందు నాలుగు వైపులా తిప్పి చూశాడు. పక్కన అంటించిన చీటీని భూతద్దంతో చదివి, ఏదో రుచికరమైంది నోట్లో పడినట్టు పెదాలు బిగించాడు. పురికొస ముడి తెంపకుండా ఓపిగ్గా విప్పాడు. మూత తీశాడు. మైనం కాగితం మడతలు ఒక్కొక్కటే తెరిచాడు.

అప్పుడు వాసన వచ్చింది. ఎరచేపల తొట్టి నీచు, తుపాకి నూనె, స్టాన్ చుట్ట, వీటన్నిటినీ తోసుకుని ఒక్క క్షణం ముక్కుకి తగిలింది. చింతపండు.

కాగితంలో రివాల్వర్ తెల్లగా ఉంది. తోమి బోర్లించిన చెంబులా ఉంది. రాత్రిరంగు నీలం ఒక్క చుక్క కూడా లేదు. గొట్టం, తూటాల చక్రం, సుత్తి, కింది చట్రం, అన్నీ ఇనుము రంగుకి వచ్చేశాయి. గుండ్రంగా, వరసగా పీచు తిప్పిన గీతలు కనిపిస్తున్నాయి. మూలమూలలా, వేలు దూరని చోట కూడా, అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి రుద్దినట్టుంది. పిడికి కొబ్బరినూనె రాసి ఉంది. చట్రం మీద చెక్కిన అక్షరాలు సగం అరిగిపోయి ఉన్నాయి.

రత్నరాజుకి రూతు వేళ్ళ నలుపు, సాయంత్రానికే వచ్చిన నిద్ర, ముందు మీరు చూడబాకండి అన్న నవ్వు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. స్పూను ఎత్తలేని మనిషి. మంచం దిగి, గోడ పట్టుకుని వంటగదిలోకి నడిచి, స్టూలెక్కి బీరువా పైకి ఎలా అందుకుందో! రూతు తల్లి నర్సాపురం గుళ్ళో ప్రభురాత్రి భోజనపు గిన్నెల్ని చింతపండు, ఉప్పు, బూడిద పెట్టి మెరిపించేది. మాసిన గిన్నె ఇంకొకరి గుమ్మం తొక్కకూడదు, ఇచ్చేది తోమి ఇవ్వాలి అని కూతుళ్ళకి నేర్పింది. పక్కింటివాళ్ళ కూరగిన్నె తిరిగిచ్చేటప్పుడు కూడా రూతు రెండుసార్లు తోమేది. మధ్యాహ్నమంతా కూర్చుని ఉంటుంది. ఆగి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ రుద్ది ఉంటుంది. నల్లగా ఉన్నది మురికే అనుకుని ఉంటుంది. అది పోతున్నకొద్దీ ఎంత సంబరపడి ఉంటుందో!

హాల్‌బర్గ్ తొడుగులు మెల్లగా తీసేశాడు. "ఎవరు చేశారిది?" అని అడిగాడు. కోపంగా కాదు, చావు ఎలా జరిగిందని అడిగినట్టు.

"నేనే" అన్నాడు రత్నరాజు.

స్టాన్ తల తిప్పి చూశాడు. "నువ్వా?"

"నేనే, స్టాన్. మెరిస్తే బాగుంటుందనుకున్నాను."

స్టాన్ అతని మొహం వంక చూసి, నోట్లో చుట్ట తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. నమ్మలేదు. నమ్మలేదని చెప్పనూ లేదు.

పళ్ళడాక్టరు చెడ్డవాడు కాదు. తన బాధ తను పడ్డాడు. పుట్టినప్పటి రంగు ఒక్కసారే ఉంటుందని, తిరిగి నీలం వేయించినా అది వేషమే అవుతుందని, ఇప్పుడిది అడవికి పనికొచ్చే మామూలు తుపాకి అని చెప్పాడు. చెబుతూ చెబుతూ అతని చెయ్యి మళ్ళీ పెట్టె మీదికి వెళ్ళింది. మూత మూసి, తెరిచి, చీటీని చూశాడు. అడుగున మైనం కాగితం కింద బుల్లి కుంచె, ముద్రించిన కాగితం ఒకటి ఉన్నాయి. వాటిని చూసి గొంతు సవరించుకున్నాడు.

"నా దగ్గర ఇదే రివాల్వర్ ఒకటుంది. దానికి పెట్టె లేదు" అన్నాడు. "ఈ పెట్టె నాకిస్తావా?"

చెప్పిన ధరకి రత్నరాజు అర్థం కానట్టు చూశాడు. ఖాళీ అట్టపెట్టెకి అంత ధర! లోపలున్న ఇనుముకి రేపు ఎవడిచ్చినా అందులో సగమే. ఏడవాలో నవ్వాలో తెలియని చోట మనిషి తల ఊపుతాడు. అతనూ ఊపాడు. హాల్‌బర్గ్ రివాల్వర్‌ని రెండు వేళ్ళతో ఎత్తి బల్లమీద వట్టి గాజుమీద పెట్టి, పెట్టెకి పురికొస మళ్ళీ అదే ముడి వేసుకున్నాడు.

బోనుల సామాను కోసం వచ్చిన ఆర్న్ అప్పటికి కాసేపటినుంచి అక్కడే నిలబడి చూస్తున్నాడు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, గడ్డంలో ఎండిన బురద. "ఆ తెల్లది అమ్మకానికేనా?" అన్నాడు. "నాది నీళ్ళలో పడిపోయింది. తుప్పు పట్టదుగా ఇది?"

"పడుతుంది" అన్నాడు రత్నరాజు. "పూత లేదు. రోజూ నూనె పెట్టాలి."

"పేలుతుందా?"

దుకాణం వెనక మట్టిదిబ్బ ముందు కాఫీ డబ్బా పెట్టారు. స్టాన్, ఆర్న్, రత్నరాజు మంచులో నిలబడ్డారు. హాల్‌బర్గ్ పెట్టె చంకలో పెట్టుకుని తలుపు దగ్గర ఆగాడు. ఆర్న్ తూటాలు ఒక్కొక్కటే చక్రంలో వేసుకుని, చెయ్యి చాచి, కాల్చాడు. ఎండుకొమ్మ విరిగినంత చప్పుడు. డబ్బా ఎగిరింది. మళ్ళీ కాల్చాడు. పడ్డచోటే మళ్ళీ ఎగిరింది. ఎన్నేళ్ళో మైనం కాగితంలో పడుకున్న తుపాకి, ఎవరూ నేర్పకుండానే, గురి తప్పకుండా తన పని తను చేసుకుపోయింది. ప్రతి చప్పుడుకీ రత్నరాజు కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో తూటాకీ ఒక్కో మాట తప్పుతున్నట్టు ఉంది అతనికి.

"బంగారు పిల్ల" అన్నాడు ఆర్న్. డబ్బులిచ్చి, రివాల్వర్‌ని ఎర వాసన కొట్టే కోటు జేబులో పడేసుకుని, చిత్తడి వైపు నడుచుకుంటూ పోయాడు.

*

సుందర్ రాజ్ ఇంటి గుమ్మం దగ్గరే రత్నరాజు కవరు అందించాడు. లోపల సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. సుందర్ రాజ్ చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు, కారు కంపెనీలో ఇంజనీరు. కవరు విప్పి చూసి తలెత్తాడు.

"అన్నా, రెండు టికెట్లు కదా హోల్డ్ చేయమన్నారు?"

"ఒకటే బ్రదర్. మీ అక్కకి ఒక్కదానికే."

"మీరు రాకపోతే ఎలా అన్నా? చర్చిలో ఇంకోసారి అనౌన్స్ చేద్దాం. నేను మాట్లాడతాను."

"ఇప్పటికే రెండుసార్లయింది. ఇంక మొహం చెల్లదు. మీరు అక్కని జాగ్రత్తగా లూసీకి అప్పగించండి, అంతే చాలు."

కారులో కూర్చుని తాళం తిప్పబోయాడు. పెదాలు కొరుక్కున్నా ఆగలేదు, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట, నల్లగా ఉన్నదే దాని అందం రూతూ అని ఎప్పుడో అన్నం తింటూ చెప్పి ఉంటే సరిపోయేది. ఇన్నేళ్ళ కాపురంలో తన పని ఏమిటో ఆమెకి చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఇద్దరూ ఒకరినొకరు నొప్పించకూడదనుకున్నారు, అంతే. తిట్టుకోవడానికి కూడా మనిషి దొరకలేదతనికి.

ఇంటికి వెళ్ళేసరికి రూతు మేలుకునే ఉంది. జుట్టు దువ్వుకుని, విభూతిపండులాంటి మొహంలో కళ్ళు మాత్రం వెలిగించుకుని, తలుపు వైపే చూస్తోంది.

"అమ్ముడుపోయిందా?"

"పోయింది."

"ఆయన ఏమన్నాడు?"

రత్నరాజు కోటు విప్పి తగిలించాడు. ఆమెకి వీపు పెట్టి, ఉండాల్సినంతసేపు అలా ఉండి, తిరిగాడు. మొహం నిండా నవ్వు తెచ్చుకున్నాడు.

"ఏమంటాడు? నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఇంత నీట్‌గా ఉన్న పీస్ లైఫ్‌లో చూళ్ళేదన్నాడు. దొంగా, నాకు చెప్పకుండా ఎప్పుడు తోమావే?"

"చెప్తే తోమనిత్తారా?" ఆమె మొహం చిన్నపిల్ల మొహమైంది. "ఎంత మురికండీ బాబూ! నలుపు కారుతూనే ఉంది. మూడుసార్లు చింతపండు మార్చాను. మీకు తుపాకులు తుడవడం వచ్చుగానీ తోమడం రాదు."

"రాదు."

"నేను తోమబట్టే మంచి ధర వచ్చింది. ఒప్పుకోండి."

"నువ్వు తోమబట్టే, రూతూ."

ఆమె కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది. ఆ మూసిన కళ్ళ ఎదుట అతను మిగిలిన అబద్ధం చెప్పాడు. ఆ ఫ్లైట్‌లో ఒక్క సీటే దొరికిందని, తనది తర్వాతి వారానికి బుక్ చేశారని చెప్పాడు. ఆమె కళ్ళు తెరవలేదు. ఎంతమంది రోగుల మంచాల పక్కన నిలబడి ఇలాంటి మాటలు తనూ చెప్పిందో! చాలాసేపటికి దుప్పట్లోంచి నల్లటి వేళ్ళు బయటికొచ్చి అతని నల్లటి వేళ్ళని పట్టుకున్నాయి.

"నన్ను పెట్టేటప్పటికి వత్తారుగా?"

"వస్తాను."

"మొదటి పిడికెడు మీదే."

"నాదే."

*

గురువారం విమానాశ్రయంలో చక్రాల కుర్చీని సుందర్ రాజ్ భార్య తోసింది. రూతు చుట్టూ చూసుకుంటూ, అందరికీ వందనాలు పెడుతూ, పెళ్ళికి వెళ్తున్నదానిలా వెళ్ళింది. గేటు దగ్గర రత్నరాజుని వంగమని సైగ చేసి, అతని మఫ్లరు సర్ది, "గంజి కాచుకోడం మానకండి. మీకూ మంచిదే" అంది. అంతే. వెనక్కి తిరిగి చూడటానికి మెడ తిరగలేదామెకి. చెయ్యి మాత్రం పైకెత్తింది.

మంచు కరగకముందే లూసీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. రూతు పోయిందట, ముందురోజు సాయంత్రమే అన్నీ అయిపోయాయట. ఎండలకి ఆగలేకపోయారట. పిల్ల పక్కనే చోటు దొరికిందట. మొదటి పిడికెడు మన్ను లూసీ వేసిందట. లైను తెగుతూ, కలుస్తూ ఉంది. రత్నరాజు అలాగేనమ్మా, అలాగేనమ్మా అంటూ, అవతల చప్పుడు ఆగిపోయాక కూడా మరో రెండుసార్లు అన్నాడు.

ఫోన్ పెట్టి, అలవాటు కొద్దీ కోటు తొడుక్కున్నాడు, అద్దాలు గీకాలని. తలుపు దగ్గర, గోడవారగా, రూతు మంచుబూట్లు ఉన్నాయి. వెళ్ళే రోజు అక్కడ వీటితో పనేముంది అని చెప్పులు వేసుకుని వీటిని విప్పేసింది. వెళ్ళే ముందు ఎప్పుడు తోమిందో, రబ్బరు మీద ఉప్పుమరక ఒక్కటి కూడా లేదు.